పిల్లల క్యాంపుల్లో, స్కౌటింగ్ సంస్థల్లో జీతమొచ్చే ఉద్యోగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదు వేసవులు క్యాంపుల్లో పనిచేసి, తర్వాత రెండేళ్లు ఇదే రంగంలో ఆఫీసు కుర్చీలో కూర్చుని, మళ్లీ టెంటు వైపు పారిపోయినవాణ్ణి. ఈ మధ్యకాలంలో చాలామంది ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తోంది, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ రంగంలో పిల్లలతో గడిపే పనులకి డబ్బు తక్కువ, డబ్బు కాస్త బాగా వచ్చే పనుల్లో పిల్లలు కనబడరు. కింద రాసిందంతా దాదాపు ఈ ఒక్క చిక్కు చుట్టూనే తిరుగుతుంది.

ఇదంతా వాలంటీర్లు చేసే పని కదా, జీతమిచ్చే ఉద్యోగాలు నిజంగా ఉంటాయా?

ఉంటాయి, కానీ మీరు ఊహించుకునే చోట కాదు. వారం వారం పిల్లల్ని పోగేసి తాడు ముడులు, మ్యాపు చదవడం నేర్పే స్కౌట్ మాస్టరుకి ప్రపంచంలో దాదాపు ఎక్కడా జీతం ఉండదు. 1907లో స్కౌటింగ్ స్థాపకుడు బేడెన్ పావెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టాక ఎదిగిన ఈ ఉద్యమం ఇప్పటికీ స్వచ్ఛంద సేవ మీదే నిలబడి ఉంది. జీతాలుండేది మూడు చోట్ల: వేసవి క్యాంపుల్లో, ఏడాదంతా తెరిచి ఉండే అవుట్‌డోర్ సెంటర్లలో, సంస్థల ఆఫీసుల్లో.

అవుట్‌వర్డ్ బౌండ్, నోల్స్ లాంటి సాహస శిక్షణ సంస్థల సంగతి వేరు. మొదటిది 1941లో వేల్స్‌లోని అబెర్‌డోవీలో కుర్ట్ హాన్, లారెన్స్ హోల్ట్ కలిసి కుర్ర నావికులకి శిక్షణ ఇవ్వడానికి మొదలుపెట్టింది, రెండోది 1965లో అమెరికాలోని వయోమింగ్‌లో పాల్ పెట్జోల్ట్ పెట్టింది. వీటిలో పిల్లల్ని కొండల్లోకి, నదుల్లోకి తీసుకెళ్లే ఇన్‌స్ట్రక్టరే జీతం తీసుకునే మనిషి. కాబట్టి సంస్థ పేరు చూసి మురిసిపోకండి, అక్కడ పిల్లల పక్కన నిలబడేది వాలంటీరా, ఉద్యోగా అన్నది ముందు కనుక్కోండి.

సీజనల్ పని అంటే ఎన్నాళ్లు?

మామూలు వేసవి క్యాంపుకి ఎనిమిది నుంచి పది వారాలు. అందులో మొదటి వారం పిల్లలు రారు, అది స్టాఫ్ వీక్: టెంట్లు వేయడం, పడవలు కడగడం, ప్రథమ చికిత్స, ఎవరైనా నీళ్లలో కనబడకుండా పోతే ఎలా వెతకాలో డ్రిల్లు. ఉత్తరార్ధగోళంలో జూన్ నుంచి ఆగస్టు దాకా, దక్షిణార్ధగోళంలో డిసెంబరు, జనవరి. ఈ తేడాని వాడుకుని ఏడాదికి రెండు వేసవులు చూసేవాళ్లు కూడా ఉన్నారు.

ఏయే పనులుంటాయి? నాకు ఈత రాదు, కొండలెక్కడం రాదు.

క్యాంపు అంటే చిన్న ఊరు అనుకోండి. న్యూ మెక్సికోలో ఫిల్మాంట్ స్కౌట్ రాంచ్ అని ఉంది, 1938లో వెయిట్ ఫిలిప్స్ అనే చమురు వ్యాపారి ఇచ్చిన భూమితో మొదలై ఇప్పుడు సుమారు 1,40,000 ఎకరాలు. అక్కడ ఒక్క వేసవికే వెయ్యి మందికి పైగా సీజనల్ స్టాఫ్‌ని తీసుకుంటారు. వాళ్లలో రేంజర్లు ఉంటారు, కొత్తగా వచ్చిన బృందంతో మొదటి రెండు మూడు రోజులు నడిచి, సామాను సర్దడం, ఎలుగుబంట్లకి అందకుండా తిండి సంచుల్ని తాడుకి వేలాడదీయడం నేర్పి, ఇక మీరే వెళ్లండి అని వదిలేసి వచ్చేస్తారు. లోపలి క్యాంపుల్లో కమ్మరి కొలిమి నడిపేవాళ్లు, పాతకాలపు గని పనివాళ్లలా వేషం వేసి చరిత్ర చెప్పేవాళ్లు ఉంటారు. వీళ్లు కాక గుర్రాలు చూసేవాళ్లు, వంటవాళ్లు, డ్రైవర్లు, సామాను గోదాము వాళ్లు, ఉత్తరాలు పంచేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, నర్సులు.

ఈత రాకపోతే నీళ్ల వైపు వెళ్లకండి, అంతే. వంటగది, స్టోరు, ఆఫీసు పనులకి ఎప్పుడూ మనుషులు చాలరు, పోటీ కూడా తక్కువ. ఒక సీజను వంటగదిలో చేసి మరుసటి ఏడు క్లైంబింగ్ గోడ దగ్గరికి మారినవాళ్లని బోలెడుమందిని చూశాను. మొదటిసారే క్లైంబింగ్ కావాలని పట్టుబట్టి ఏదీ దొరక్క ఇంట్లో కూర్చున్నవాళ్లనీ చూశాను.

జీతం ఎంత? సూటిగా చెప్పండి.

దేశాన్ని బట్టి, క్యాంపుని బట్టి మారిపోతుంది కాబట్టి అంకె చెప్పను, లెక్క ఎలా వేసుకోవాలో చెప్తాను. చాలా క్యాంపులు గంటకి ఇంత అని కాకుండా వారానికి ఇంత అనో, సీజనుకి ఇంత అనో ఇస్తాయి. ఆ మొత్తాన్ని మీరు నిజంగా పనిచేసే గంటలతో భాగిస్తే ఏడుపొస్తుంది, ఆ భాగహారం సరదాకి కూడా చేయొద్దు. తిండి, బస ఉచితం, ఖర్చుపెట్టడానికి చుట్టుపక్కల దుకాణం కూడా ఉండదు, కాబట్టి సీజను చివర చేతిలో ఎంత మిగులుతుంది అన్నదే అసలు లెక్క. రానుపోను ఛార్జీలు, బూట్లు, రెయిన్ కోటు, సర్టిఫికెట్ ఫీజులు అందులోంచి తీసేసి చూడండి. మొదటి సీజను చాలామందికి దాదాపు సున్నాకి సున్నా.

చట్టం కూడా తెలుసుకోండి. అమెరికాలో ఏడాదికి ఏడు నెలలకి మించి నడవని వినోద, విహార సంస్థలకి ఫెడరల్ కనీస వేతనం, ఓవర్‌టైమ్ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. వేసవి క్యాంపులు చాలావరకు దీని కిందకే వస్తాయి. అంటే "ఇంత తక్కువ ఇవ్వడం నేరం కదా" అని మీరు అడిగితే, కాదు అనే జవాబు రావచ్చు. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంతకంటే గట్టిగా ఉంటాయి, పనిచేసే రాష్ట్రం పేరుతో వెతకండి.

ఇక "స్టాఫ్" అని పిలిచినంత మాత్రాన జీతం ఉంటుందనుకోకండి. స్విట్జర్లాండ్‌లో కాండర్‌స్టెగ్ అంతర్జాతీయ స్కౌట్ కేంద్రం 1923 నుంచి నడుస్తోంది, అక్కడ కొద్ది నెలలు పనిచేసేవాళ్లని ముద్దుగా పింకీలు అంటారు. వాళ్లు వాలంటీర్లు, తిండి, బస దొరుకుతాయి కానీ జీతం లెక్కలోకి రాదు. అయినా అక్కడికి దరఖాస్తులు ఆగవు. ప్రపంచ గైడ్ల సంఘానికి అయిదు కేంద్రాలున్నాయి: స్విట్జర్లాండ్‌లోని అడెల్‌బోడెన్‌లో అవర్ షాలే, లండన్‌లో పాక్స్ లాడ్జ్, మెక్సికోలో అవర్ కబానా, పుణెలో సంగం, ఆఫ్రికాలో ఒకచోట భవనం అంటూ లేకుండా తిరిగే కుసాఫిరి. వీటిలో కొన్ని పోస్టులకి జీతం, కొన్నింటికి కేవలం బస. ప్రకటన చివరి వరకూ చదివితేగానీ తేలదు.

రోజు ఎలా గడుస్తుంది?

పొద్దున ఆరున్నరకి మొదలు, రాత్రి నెగడు ఆరాక ముగింపు. మధ్యలో గంటో రెండు గంటలో ఖాళీ ఇస్తారు, దాన్ని నిద్రకే వాడతారు అందరూ. వారానికి ఒక రోజు సెలవు, అదీ పాత పిల్లలు వెళ్లి కొత్త పిల్లలు దిగే సందులో. మూడో వారం నుంచి అలసట, అయిదో వారంలో చిరాకు, స్టాఫ్ మధ్య గొడవలు చాలావరకు అప్పుడే. వాన నాలుగు రోజులు ఆగకుండా పడితే తడిసిన మేజోళ్లతో నలభై మంది పిల్లలకి అదే ఉత్సాహంతో అదే పాట పాడించగలరా అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. నాకు ఆ పాటలంటే ఇప్పటికీ భయం.

వయసు ఎంతుండాలి?

మామూలుగా 18. పదిహేను, పదహారేళ్ల వాళ్లని శిక్షణలో ఉన్న కౌన్సెలర్లుగా (క్యాంపులో పిల్లల గుంపుని చూసుకునేవాళ్లని కౌన్సెలర్లు అంటారు) తీసుకుంటారు, వాళ్లలో చాలామందికి జీతం ఉండదు. నీళ్లు, క్లైంబింగ్, తుపాకీ గురి లాంటి విభాగాల్ని నడిపే పెద్దకి అమెరికా స్కౌట్ క్యాంపుల్లో 21 నిండాలి. పై వయసు పరిమితి లేదు. రిటైరైన టీచర్లు, నర్సులు వస్తే క్యాంపు డైరెక్టర్లు ఎగిరి గంతేస్తారు.

ఏ సర్టిఫికెట్లు ఉంటే పని దొరుకుతుంది?

ముందు ప్రథమ చికిత్స. ఆసుపత్రికి గంటల దూరంలో ఎవరికైనా కాలు విరిగితే ఏం చేయాలో నేర్పే కోర్సులు వేరేగా ఉంటాయి. వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అంటే రెండు రోజులు, 16 గంటలు. వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ అంటే 70 నుంచి 80 గంటలు, ఎనిమిది పది రోజులు పడుతుంది. బేస్ క్యాంపులోనే ఉండే పనికి మొదటిది చాలు. పిల్లల్ని రోజుల తరబడి అడవిలోకి తీసుకెళ్లే ఇన్‌స్ట్రక్టరు కావాలంటే రెండోది లేకుండా చాలా సంస్థలు మీ కాగితం కూడా చూడవు. రెండు మూడేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి, ఆ ఖర్చు కూడా మీదే.

తర్వాత లైఫ్‌గార్డ్. బాగా ఈత వచ్చినవాళ్లకి ఇంత తక్కువ ఖర్చుతో ఇంత గిరాకీ తెచ్చిపెట్టే కాగితం ఇంకోటి లేదు, లైఫ్‌గార్డులు చాలకపోతే క్యాంపు తన చెరువునే మూసుకోవాలి మరి.

కొండల పని చేయాలంటే ఒక్కో దేశానికి ఒక్కో పద్ధతి. బ్రిటన్‌లో మౌంటెన్ లీడర్ అర్హత ఉంది. దాని శిక్షణకి వెళ్లాలంటే ముందు కనీసం 20 పర్వత దినాలు, పరీక్షకి వెళ్లాలంటే 40 మీ లాగ్‌బుక్కులో ఉండాలి. ఊరి చివర గుట్ట ఎక్కి దిగితే లెక్కలోకి రాదు, దారి మీరే వెతుక్కుంటూ, వాతావరణం ఎప్పుడైనా ఎదురు తిరగగల కొండల్లో నడిచిన రోజులు కావాలి. అందుకే ఇవాళ్టి నుంచే లాగ్‌బుక్కు మొదలుపెట్టండి: తేదీ, ఎక్కిన చోటు, ఎంత దూరం, వాతావరణం, మీరు నడిపించారా వెంట వెళ్లారా. నేను ఇది మూడేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టాను. అప్పటిదాకా నడిచినవన్నీ గుర్తే తప్ప రుజువు లేదు.

అమెరికా స్కౌట్ క్యాంపుల్లో విభాగాధిపతులకి నేషనల్ క్యాంపింగ్ స్కూల్ అని వేరే శిక్షణ ఉంటుంది. దీన్ని మామూలుగా మిమ్మల్ని తీసుకున్న క్యాంపే పంపి చేయిస్తుంది, సొంత డబ్బు పెట్టి ముందే చేసుకుని వెళ్లక్కర్లేదు. నోల్స్‌లో పని చేయాలంటే మాత్రం వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకి ఎంపికై, ఫీజు కట్టి చదవాలి, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి అడగండి.

నేను చిన్నప్పుడు స్కౌట్‌ని కాదు. ఇబ్బందా?

సీజనల్ పనికి కాదు, చేరేటప్పుడు సభ్యత్వం తీసుకోమంటారు అంతే. ఆఫీసు ఉద్యోగాలకీ తప్పనిసరి కాదు గానీ, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ భాష మాట్లాడుతుంటే మీరు బిత్తరపోతారు. ముందు ఆర్నెల్లు ఎక్కడైనా వాలంటీరుగా చేయండి.

పర్మనెంట్ ఉద్యోగం అంటే ఏం చేయాలి?

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. అమెరికాలో బాయ్ స్కౌట్స్ (2025 ఫిబ్రవరి నుంచి పేరు స్కౌటింగ్ అమెరికా) ఉదాహరణ తీసుకుందాం. అక్కడ ఉద్యోగంలోకి మొదటి మెట్టు డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్. మామూలుగా డిగ్రీ అడుగుతారు. ఉద్యోగం ఇచ్చేది జాతీయ సంస్థ కాదు, స్థానిక కౌన్సిల్, అంటే ఒక ప్రాంతంలో స్కౌటింగ్ నడిపే శాఖ. ప్రకటనలో అడవి, నెగడు, నవ్వుతున్న పిల్లల ఫొటో ఉంటుంది. పని మాత్రం బడులకి, చర్చిలకి, క్లబ్బులకి తిరిగి కొత్త స్కౌట్ దళాలు పెట్టించడం, వాటిని నడిపే వాలంటీర్లని వెతికి పట్టుకోవడం, వాళ్ల మధ్య తగాదాలు తీర్చడం, చందాలు పోగుచేయడం. ఈ ఏడాది ఎంతమంది పిల్లలు చేరారు, ఎంత డబ్బు వచ్చింది, ఈ రెండు అంకెల మీదే మీ బతుకు. వాలంటీర్లు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, వాళ్లకి ఖాళీ దొరికేది సాయంత్రాలు, శని ఆదివారాలు. కాబట్టి మీ సమావేశాలూ అప్పుడే. రాత్రి తొమ్మిదిన్నరకి మీటింగు అయిపోయాక పార్కింగులో నిలబెట్టి ఇంకో అరగంట మాట్లాడతారు, అసలు విషయం ఆ అరగంటలోనే బయటపడుతుంది.

ఇది చెడ్డ ఉద్యోగం అని నేను అనను. మనుషులతో మాట్లాడటం, చేయి చాచి చందా అడగడం సిగ్గనిపించనివాళ్లకి ఇది మంచి బడి. ఇందులో నాలుగేళ్లు నిలబడినవాళ్లని ఏ స్వచ్ఛంద సంస్థ అయినా పిలిచి తీసుకుంటుంది. పైకి వెళ్తే ఫీల్డ్ డైరెక్టర్, చివరికి కౌన్సిల్ మొత్తాన్ని నడిపే స్కౌట్ ఎగ్జిక్యూటివ్, జీతం నిజంగా పెరిగేది ఆ మెట్ల మీదే. నేను రెండేళ్లలో వదిలేశాను, తప్పు ఉద్యోగానిది కాదు. టెంటులో పడుకోవడం ఇష్టం కాబట్టి టెంట్లు కొనడానికి చందాలు అడగడం కూడా ఇష్టపడతాననుకున్నాను.

ఇవి కాక పెద్ద సంస్థల్లో అకౌంట్స్, ఐటీ, శిక్షణ, ప్రచురణలు, బీమా, న్యాయ విభాగం, అన్నీ ఉంటాయి. ప్రపంచ స్కౌట్ సంస్థకి జెనీవాలో, కౌలాలంపూర్‌లో కార్యాలయాలున్నాయి. వీటికి మీ అసలు వృత్తిలో అనుభవం ముఖ్యం, ముడులు ఎన్ని వచ్చో ఎవరూ అడగరు.

ఆఫీసు వద్దు, ఏడాదంతా బయటే ఉండాలి. దారి ఉందా?

రెండు దారులు. ఒకటి, క్యాంపు స్థలాన్ని కాపాడే ఉద్యోగం. అమెరికా స్కౌట్ క్యాంపుల్లో దీన్ని క్యాంప్ రేంజర్ అంటారు, క్యాంపులోనే ఇల్లు ఇస్తారు, ఏడాదంతా అక్కడే. వడ్రంగం, ప్లంబింగ్, కరెంటు పని, ట్రాక్టరు, రంపం, చలికాలంలో పైపులు పగలకుండా నీళ్లు ఖాళీ చేయడం ఇవన్నీ చేతికి రావాలి. ఇల్లు జీతంలో భాగం కాబట్టి ఉద్యోగం పోయిన రోజే ఇల్లు కూడా పోతుందన్నది గుర్తుంచుకోండి. నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో ఎవరూ పట్టించుకోని మంచి ఉద్యోగం ఇదే.

రెండోది, సీజన్లని గొలుసులా అతికించుకోవడం. వేసవిలో క్యాంపు, వసంతంలో, శరదృతువులో బడి పిల్లలు వచ్చే అవుట్‌డోర్ సెంటర్లు, చలికాలంలో స్కీయింగ్ కేంద్రాలు. ఇరవైల్లో బాగుంటుంది. పదేళ్లయ్యాక మోకాళ్లు, పెన్షను, స్థిరమైన చిరునామా, ఈ మూడూ ఒకేసారి గుర్తొస్తాయి. సీజనుకీ సీజనుకీ మధ్య ఆరోగ్య బీమా ఉండదు, దాన్ని సొంతంగా కొనుక్కోండి.

వేరే దేశంలో క్యాంపుకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు. అమెరికాకి అయితే జే-1 వీసాలో క్యాంప్ కౌన్సెలర్ అనే విభాగం ఉంది. 18 నిండాలి, ఇంగ్లీషు రావాలి, గరిష్ఠంగా నాలుగు నెలలు. మీరంతట మీరు తీసుకునే వీసా కాదు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ ద్వారానే వెళ్లాలి, ఆ సంస్థల జాబితా ఆ శాఖ వెబ్‌సైటులోనే ఉంటుంది. పేరు జాబితాలో లేని ఏజెంటు డబ్బు అడిగితే అక్కడితో మాట ఆపేయండి. ఈ విభాగంలో వెళ్లినవాళ్లు పిల్లలతోనే పనిచేయాలి, వంటగదికో ఆఫీసుకో తోసేయకూడదు. వంటపని, సహాయక పనుల మీద వెళ్లే విద్యార్థులకి సమ్మర్ వర్క్ ట్రావెల్ అని వేరే విభాగం ఉంది.

స్పాన్సరు తీసుకునే ఫీజు, వీసా ఖర్చు, విమానం టికెట్టు కలిపి చూస్తే జీతంలో పెద్ద ముక్క ఎగిరిపోతుంది. సంపాదనకని కాకుండా అనుభవానికని వెళ్తేనే ఇది గిట్టుబాటు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చూస్తారు?

నేర చరిత్ర, ముఖ్యంగా పిల్లలకి సంబంధించినది. ఇంగ్లండ్, వేల్స్‌లలో డీబీఎస్ చెక్, ఆస్ట్రేలియాలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, న్యూజిలాండ్‌లో పోలీస్ వెట్టింగ్. గత కొన్నేళ్లలో వేర్వేరు దేశాల్లో ఉన్నట్లయితే ఒక్కో చోటి నుంచి పోలీసు ధ్రువపత్రం తెమ్మంటారు, వాటికి వారాలు పడతాయి, ముందే మొదలుపెట్టండి. మీకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి "ఈ మనిషి దగ్గర మీ పిల్లల్ని వదులుతారా" అని సూటిగా అడుగుతారు.

ఇంత గట్టిగా ఎందుకంటే కారణం ఉంది. బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా 2020లో దివాలా రక్షణ కోరింది. చిన్నప్పుడు లైంగిక వేధింపులకి గురయ్యామని 82,000 మందికి పైగా క్లెయిములు వేశారు, 246 కోట్ల డాలర్ల పరిహార ప్రణాళికతో 2023లో గానీ ఆ సంస్థ బయటపడలేదు. ఆ సంఖ్య ఒకసారి ఆగి చదవండి. ఇప్పుడున్న నియమాల వెనక ఉన్నది ఇలాంటి అనుభవాలే: ఏ కార్యక్రమంలోనైనా 21 నిండిన, నమోదైన పెద్దలు కనీసం ఇద్దరు ఉండాలి, ఒక పెద్ద ఒక పిల్లాడితో ఒంటరిగా ఉండకూడదు, ఫోనులో విడిగా మెసేజులు పెట్టుకోకూడదు. రాత్రి ఒక పిల్లవాడు ఇంటి మీద బెంగతో ఏడుస్తుంటే మీరొక్కరే వాడిని పక్కకి తీసుకెళ్లి ఓదార్చకూడదు, అందరికీ కనబడే చోట, ఇంకో పెద్ద ఉండగా ఓదార్చాలి. మొదట్లో ఇది మనసుకి ఎబ్బెట్టుగా ఉంటుంది. వారంలో అలవాటవుతుంది. ఈ నియమాల్ని నవ్వులాటగా తీసుకునే క్యాంపు కనబడితే అక్కడ చేరొద్దు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? మనం ఏం అడగాలి?

వాళ్లు అడిగేవి ఎక్కువగా "అప్పుడు మీరేం చేస్తారు" తరహా. ఒక పిల్లవాడు తాడు పట్టుకుని గోడ మధ్యలో బిగుసుకుపోయాడు, కింద క్యూ పెరుగుతోంది, ఏం చేస్తారు? ధైర్యసాహసాల కథలు చెప్పొద్దు. పర్వతం మీద ఎంత దూరం వెళ్లారో చెప్పినవాడి కంటే మబ్బు చూసి ఎక్కడ వెనక్కి తిరిగారో చెప్పినవాడికి ఉద్యోగం వస్తుంది.

మీరు అడగాల్సినవి ఇంకా ముఖ్యం. ఒక్కో పెద్దకి ఎంతమంది పిల్లలు? అమెరికన్ క్యాంప్ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం రాత్రి బస ఉండే క్యాంపుల్లో 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఎనిమిది మందికొక స్టాఫ్. ఆ దరిదాపుల్లో లేకపోతే ఆలోచించుకోండి. జీతం వారానికా, సీజను చివరా? గాయమైతే బీమా ఎవరిది? పోయిన ఏడు స్టాఫ్‌లో ఎంతమంది మళ్లీ వస్తున్నారు? చివరి ప్రశ్నకి డైరెక్టర్ తడబడితే మీకు కావాల్సిన సమాచారం దొరికినట్టే.

బస గురించి కూడా అడగండి. నా మొదటి కాంట్రాక్టులో "వసతి కల్పించబడును" అని ఉంది. వెళ్లి చూస్తే చెక్క అరుగు మీద కాన్వాస్ టెంటు, ఇద్దరికి, మా మంచాల మధ్య సరిగ్గా నడి నెత్తిన చిల్లు. ఎనిమిది వారాలు ఆ చిల్లు కింద బకెట్టు పెట్టుకున్నాం.

ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

జూన్ క్యాంపుకి అంతకు ముందు చలికాలంలోనే. మంచి పోస్టులు జనవరి, ఫిబ్రవరిలో నిండిపోతాయి. మే నెలాఖరులో మాత్రం ఒప్పుకున్నవాళ్లు హఠాత్తుగా మానేయడం వల్ల కొన్ని ఖాళీలు పడతాయి, ఆలస్యమైందని ఊరుకోకుండా అప్పుడు నేరుగా ఫోన్ చేయండి. విదేశం అయితే ఆ అవకాశం లేదు, వీసాకే నెలలు పడుతుంది.

మధ్యలో మానేస్తే ఏమవుతుంది?

కాంట్రాక్టు చదవండి, కొన్నిచోట్ల సీజను పూర్తిచేస్తేనే ఇచ్చే బోనస్ ఉంటుంది, అది పోతుంది. జే-1 మీద ఉంటే ముందు స్పాన్సరుకి చెప్పాలి, చెప్పకుండా వెళ్లిపోతే వీసా హోదాకే ఎసరు. మిగతావాళ్లకి చట్టపరంగా పెద్దగా ఏం కాదు గానీ ఈ రంగం చాలా చిన్నది, డైరెక్టర్లంతా ఒకరికొకరు తెలుసు. మానేయాలనిపిస్తే శనివారం దాకా ఆగి, ఆ వారం పిల్లలు బస్సెక్కాక డైరెక్టరుకి ఎదురుగా కూర్చుని చెప్పండి. అలా వెళ్లినవాళ్లని మళ్లీ పిలిచిన సందర్భాలున్నాయి. బుధవారం రాత్రి బ్యాగు సర్దుకుని మాయమైనవాళ్లని ఎవరూ పిలవలేదు.